టర్బో పెట్రోల్ బండ్లకు ‘డీకార్బ్ ప్యాకేజీ’ మా షెడ్డులో ఎందుకు లేదంటే

మా షెడ్డుకు వచ్చే కస్టమర్లందరికీ నమస్కారం. ఈ మధ్య టర్బో పెట్రోల్ కారున్న చాలామంది ఒకటే మాట అడుగుతున్నారు. “సర్వీసుతో పాటు ఇంజిన్ డీకార్బ్ కూడా చేసెయ్యన్నా, వేరే చోట గంటలో చేసి ఇచ్చేస్తున్నారంట” అని. డీకార్బ్ అంటే ఇంజిన్ లోపల మాడి పట్టిన కార్బన్‌ను మందుతో వదిలించడం. చెయ్యం అన్నందుకు కొందరికి కోపం వచ్చింది. కొందరు బయట చేయించుకుని, అదే కంప్లయింటుతో మళ్లీ మా దగ్గరికే వచ్చారు. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదు కాబట్టి అంతా ఇక్కడ రాస్తున్నాను. ఈ నెల నుంచి మా పనిలో మారేవి కూడా ఇందులోనే ఉన్నాయి.

ముందు మీ బండి ఈ లెక్కలోకి వస్తుందో లేదో చూసుకోండి. ఇన్‌టేక్ వాల్వు (సిలిండర్‌లోకి గాలి దూరే తలుపు) మీద కార్బన్ పట్టే ఈ బాధ టర్బో ఉన్న ప్రతి పెట్రోల్ కారుకూ లేదు. డైరెక్ట్ ఇంజెక్షన్, అంటే పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకే కొట్టే బండ్లకే ఇది. హ్యుందాయ్, కియా బండ్లలో టర్బో జీడీఐ ఇంజిన్లు, స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ వాళ్ల టీఎస్ఐ, మారుతి ఫ్రాంక్స్‌లో 1.0 బూస్టర్‌జెట్, ఎక్స్‌యూవీ700 పెట్రోల్, ఇవన్నీ డైరెక్ట్ ఇంజెక్షన్. టాటా నెక్సాన్ 1.2 టర్బో పెట్రోల్ మాత్రం డైరెక్ట్ ఇంజెక్షన్ కాదు. ఎక్స్‌యూవీ 3ఎక్స్ఓలో రెండు రకాల టర్బో పెట్రోల్ ఇంజిన్లూ వస్తాయి, అందులో టీజీడీఐ అని ఉన్నదే డైరెక్ట్ ఇంజెక్షన్. డీజిల్ బండ్ల మసి సంగతి వేరు, దాన్ని ఇందులో కలపడం లేదు.

పాత పద్ధతిలో ఇంజెక్టర్ పెట్రోలును ఇన్‌టేక్ వాల్వు వెనక భాగం మీద చల్లుతుంది. పెట్రోలు, అందులో కలిపే డిటర్జెంటు ఆ వాల్వును ఎప్పటికప్పుడు కడుగుతూనే ఉంటాయి. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోలు నేరుగా సిలిండర్ లోపలికే పోతుంది. వాల్వు మీదుగా పోయేది ఒట్టి గాలే, అది కూడా శుభ్రమైన గాలి కాదు. పిస్టన్ రింగుల సందులోంచి కిందికి దిగిన గ్యాసు ఆయిల్ ఆవిరిని వెంటబెట్టుకుని పీసీవీ అనే పైపు గుండా మళ్లీ ఇన్‌టేక్‌లోకే, అంటే ఇంజిన్‌లోకి గాలి పోయే దారిలోకే వస్తుంది. పొల్యూషన్ రూల్స్ ప్రకారం దాన్ని బయటికి వదలకూడదు. టర్బో దగ్గర్నుంచి కూడా కొంచెం ఆయిల్ గాలిలో చేరుతుంది. అదంతా కాగుతున్న వాల్వు మీద పడి అక్కడే మాడిపోతుంది. కడిగే పెట్రోలు అటు రాదు కాబట్టి పొర మీద పొర పేరుకుంటుంది.

ఇది ఏదో ఒక కంపెనీ చేతకానితనం కాదు, ఈ డిజైన్‌తో వచ్చేదే. టయోటా 2005లోనే లెక్సస్ ఐఎస్350 ఇంజిన్‌లో సిలిండర్‌కు రెండేసి ఇంజెక్టర్లు పెట్టింది, ఒకటి లోపల, ఒకటి వాల్వు వెనక పోర్టులో. అట్లాంటి ఇంజిన్లలో వాల్వులు కడుక్కుంటూనే ఉంటాయి. పైన చెప్పిన మన బండ్లలో దాదాపు అన్నింటిలోనూ ఉండేది లోపలి ఇంజెక్టర్ ఒక్కటే.

ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలిని పంచే గొట్టాల భాగం) విప్పి చూపించినప్పుడు చాలామంది ఆశ్చర్యపోతారు. వాల్వు కాడ, దాని కింద గంటలా విచ్చుకున్న భాగం నున్నగా, లోహం రంగులో ఉండాలి. బాగా పట్టిన బండిలో కాడ రెండింతలు లావై కనిపిస్తుంది. సంగటి గిన్నె అడుగున పట్టిన మాడులా నల్లగా, గరుగ్గా, గోరుతో గీకితే రాకుండా ఉంటుంది. గాలి దూరే దారి అంతమేర తగ్గిపోతుంది, పైగా సుడి తిరగాల్సిన గాలి గందరగోళంగా లోపలికి పోతుంది. పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజిన్ వణకడం, కాసేపు మిస్సింగ్ కొట్టడం, పికప్ మందగించడం, స్కానర్ పెడితే మిస్సింగ్‌ను చూపించే పీ0300 కోడ్ రావడం, ఇవీ ఆనవాళ్లు. ఇవే లక్షణాలు స్పార్క్ ప్లగ్గు వల్ల, కాయిల్ వల్ల కూడా వస్తాయి. అందుకే ముందు అవి చూస్తాం, కార్బన్ పేరు తర్వాతే ఎత్తుతాం.

ఇప్పుడు డీకార్బ్ సంగతి. పెట్రోల్ ట్యాంకులో పోసే సీసా మందు ఇంజెక్టర్లకు మంచిదే, పిస్టన్ తలకూ కొంత పనికొస్తుంది. కానీ అది పెట్రోలుతోనే ప్రయాణం చేస్తుంది. పెట్రోలు తగలని వాల్వుకు అది మాత్రం ఎట్లా తగులుతుంది? ఎక్స్‌పీ95 లాంటి ప్రీమియం పెట్రోలు పోయించినా అంతే. ఇన్‌టేక్‌లోకి కొట్టే స్ప్రే వాల్వు దాకా చేరే మాట నిజం. కొత్త బండిలో పలచటి పొర ఉన్నప్పుడు కొంత మెత్తబరుస్తుంది కూడా. గట్టిపడ్డ కార్బన్‌ను మాత్రం కదిలించలేదు. టర్బో బండిలో దాన్ని టర్బోకు ముందు కొడితే ద్రవం ఇంటర్‌కూలర్‌లో (టర్బో పంపే గాలిని చల్లబరిచే భాగంలో) నిలిచిపోవచ్చు. పెళ్లలుగా ఊడితే ఆ ముక్కలు సిలిండర్ దాటి, నిప్పులా కాగుతూ తిరిగే టర్బో రెక్కల మీదికే పోతాయి. మీ టర్బోతో ఆ పందెం కట్టడానికి నాకు మనసు రాదు. అందుకే ఆ ప్యాకేజీ మా బోర్డు మీద లేదు, ఉండదు.

దాని బదులు ఈ నెల నుంచి వాల్‌నట్ బ్లాస్టింగ్ మొదలుపెడుతున్నాం. మిషను వచ్చేసింది. మానిఫోల్డ్ విప్పి, ఇంజిన్‌ను చేత్తో తిప్పుతూ ఒక సిలిండర్ ఇన్‌టేక్ వాల్వులు రెండూ పూర్తిగా మూసుకునేలా నిలబెడతాం. ఆ పోర్టుకు వ్యాక్యూమ్ గొట్టం బిగించి, అక్రోటు గుల్లల రవ్వను గాలి ప్రెషర్‌తో కొడతాం. ఆ రవ్వ కార్బన్‌ను రాల్చేంత గట్టిది, లోహాన్ని గీయనంత మెత్తది. రాలిందంతా వ్యాక్యూమ్ లాగేస్తుంది. వాల్వు కొంచెం తెరుచుకుని ఉన్నా రవ్వ సిలిండర్‌లో పడుతుంది కాబట్టి తొందరపడే పని కాదిది. మూడు సిలిండర్ల ఇంజిన్‌కు ఆరు ఇన్‌టేక్ వాల్వులు, నాలుగింటికి ఎనిమిది. గ్యాస్కెట్లు కొత్తవే వేస్తాం. బండి ఒక రోజంతా మా దగ్గరే ఉండాలి. ఖర్చు స్ప్రే కంటే చాలా ఎక్కువ, ఆ మాట ముందే చెప్తున్నాను. కెమెరా పెట్టి మీకు చూపించి, అవసరం ఉంటేనే చేస్తాం. అవసరం లేదని తేలితే కెమెరాతో చూసినంత వరకే తీసుకుంటాం.

అసలు అంతదాకా రాకుండా చూసుకోవడమే నాకిష్టం. అందులో పెద్ద పాత్ర ఇంజిన్ ఆయిల్‌దే. ఆయిల్ ఎంత తక్కువ ఆవిరైతే వాల్వు మీద అంత తక్కువ మాడుతుంది. దీన్ని కొలవడానికి నోయాక్ అనే టెస్టు ఉంది. ఆయిల్‌ను 250 డిగ్రీల వేడిలో ఒక గంట ఉంచి ఎంత శాతం ఎగిరిపోయిందో చూస్తారు. ఐఎల్‌శాక్ జీఎఫ్-6 అనే ఇంజిన్ ఆయిల్ ప్రమాణానికి అది 15 శాతం దాటకూడదు. మంచి ఆయిళ్లు ఇంకా తక్కువలోనే ఉంటాయి. డబ్బా మీద ఈ అంకె వేయరు, కంపెనీ ఇచ్చే డేటా షీటులో ఉంటుంది. మేం వాడే ఆయిళ్ల షీట్లు కౌంటర్ పక్కన గోడకు అంటించాం, వచ్చినప్పుడు చదవండి. గ్రేడు మాత్రం మీ మాన్యువల్‌లో ఉన్నదే పోస్తాం. 2020లో వచ్చిన ఏపీఐ ఎస్‌పీ అనే ఆయిల్ ప్రమాణం, లేదా మీ కంపెనీ అడిగే అప్రూవల్ లేని ఆయిల్ మీరు డబ్బా కొని తెచ్చినా పోయం. దయచేసి నొచ్చుకోవద్దు.

కంపెనీ బుక్కులో 10,000 అనో 15,000 కిలోమీటర్లు అనో ఉంటుంది. అదే బుక్కులో కఠిన పరిస్థితుల వాడకం అని ఇంకో లెక్క కూడా ఉంటుంది, దాన్ని ఎవరూ చదవరు. చిన్న చిన్న ట్రిప్పులు, ఎండ, దుమ్ము, ట్రాఫిక్, ఘాట్ రోడ్లు. తిరుపతిలో స్కూలుకు, లీలామహల్ సర్కిల్‌కు, మార్కెట్‌కు తిరిగే బండి ఇంకే లెక్కలోకి వస్తుంది? ఇంజిన్ వేడెక్కకముందే ఆపేస్తుంటే సిలిండర్ గోడల మీద పెట్రోలు ఆయిల్‌లోకి జారుతుంది. డిప్‌స్టిక్ తీస్తే పెట్రోలు వాసన వచ్చే బండ్లు మేం చూస్తూనే ఉంటాం. టౌనులో తిరిగే ఈ రకం బండ్లకు 7,500 కిలోమీటర్లకే ఆయిల్ మార్చమని చెప్తున్నాం. తిరగకపోయినా ఏడాది దాటనివ్వొద్దు. లెవెల్ గరిష్ఠ గీత దాటకూడదు. ఎక్కువైన ఆయిల్ తుంపరలుగా పీసీవీ దారి పడుతుంది.

వారానికొకసారి చిత్తూరు రోడ్డు మీదో, శ్రీకాళహస్తి వైపో ఒక అరగంట ఆగకుండా నడపండి. ఆయిల్‌లో చేరిన తేమ, పెట్రోలు ఆవిరైపోతాయి. వాల్వుకు ఇప్పటికే గట్టిగా పట్టిన కార్బన్ మాత్రం దానితో పోదు. హైవేలో తొక్కితే మసి అంతా ఊడిపోతుందని చెప్పేవాళ్లను నమ్మకండి.

ఘాట్ రోడ్డు గురించి ఇంకో మాట. తిరుమల రెండో ఘాట్‌లో కొండెక్కేటప్పుడు మైలేజీ కోసం పెద్ద గేరులోనే ఉంచి, ఇంజిన్ 1,500 ఆర్‌పీఎంలో గుంజుతుంటే యాక్సిలరేటర్ గట్టిగా తొక్కుతుంటారు. టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్‌కు అది మహా చెడ్డది. స్పార్క్ రాకముందే పెట్రోలు అంటుకుని పిస్టన్ మీద సుత్తి దెబ్బ పడినట్టవుతుంది. దీన్నే ఎల్‌ఎస్‌పీఐ అంటారు. ఎగిరిన ఆయిల్ బొట్లు, ఊడిన కార్బన్ రేణువులు దానికి నిప్పంటించేవే. ఏపీఐ ఎస్‌పీ ఆయిల్ అడగడానికి ఇది ఇంకో కారణం. గేరు తగ్గించండి, 2,000 పైన తిరగనివ్వండి. ఆటోమేటిక్ అయితే మాన్యువల్ మోడ్‌లో పెట్టుకోండి. భాకరాపేట ఘాట్‌కూ ఇదే వర్తిస్తుంది. పైకి చేరాక పార్కింగ్ వెతుక్కునేలోపు టర్బో ఎట్లాగూ కొంత చల్లబడుతుంది. నేరుగా వెళ్లి ఆపితే మాత్రం ఒక నిమిషం ఐడ్లింగ్‌లో ఉంచి ఆపండి.

క్యాచ్ క్యాన్ (పీసీవీ దారిలో వచ్చే ఆయిల్‌ను పట్టే డబ్బా) పెట్టమని అడిగే కుర్రాళ్లకు: వారంటీ ఉన్న బండికి పెట్టం. ఏదైనా తేడా వస్తే కంపెనీ క్లెయిమ్ కాదంటుంది, మేం మధ్యలో ఏమీ చేయలేం. వారంటీ బండ్లకు బ్లాస్టింగ్ కూడా మేం మొదలుపెట్టం. కెమెరాతో చూసి ఫోటోలు ఇస్తాం, అవి పట్టుకుని షోరూమ్‌లో అడగండి.

బ్లాస్టింగ్ పని బుధ, గురువారాల్లోనే ఉంటుంది, రోజుకు ఒక్క బండే. బ్రహ్మోత్సవాల రోజుల్లో అది కూడా ఉండదు. దర్శనానికి వచ్చి దారిలో ఆగిపోయిన బండ్లకే అప్పుడు ముందు చోటు. ఖర్చెంతో బండి చూశాక రాసిచ్చి, మీరు సరేనన్నాకే బోల్టు విప్పుతాం. వచ్చేటప్పుడు సర్వీసు బుక్కు, పోయినసారి ఆయిల్ మార్చిన బిల్లు తెచ్చుకోండి. ఏ ఆయిల్ పోశారో, ఎన్ని కిలోమీటర్లయిందో అందులో చూశాకే మిగతా మాట్లాడుకుందాం.