జార్జ్ బుష్ పొలానికి పట్టా వచ్చిన తీరు

సంపాదకులకు నమస్కారం.

అమెరికా పడమటి ప్రాంతాలకు ఎడ్లబండ్లపై తరలివెళ్లిన తొలితరం రైతుల గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. వచ్చి సాగు చేసుకున్నవారందరికీ ప్రభుత్వం ఉచితంగా భూమి ఇచ్చిందని వ్యాసకర్త రాయడం సరికాదు. నేనుంటున్న వాషింగ్టన్ రాష్ట్రంలోనే, ఎన్నో తెలుగు కుటుంబాలు స్థిరపడిన సియాటిల్‌కు దక్షిణాన ఉన్న టమ్‌వాటర్‌లో, ఆ మాట నిలవదని చెప్పే చరిత్ర ఉంది. అది జార్జ్ బుష్ అనే రైతు చరిత్ర (అధ్యక్షులైన తండ్రీకొడుకులతో ఈయనకు సంబంధం లేదు).

నల్లజాతి తండ్రికి, ఐరిష్ తల్లికి పుట్టిన బుష్ 1844లో భార్యాబిడ్డలతో, మైకేల్ సిమన్స్ తదితర మిత్రులతో మిస్సోరి నుంచి పడమటి తీరంలోని ఒరెగన్ ప్రాంతానికి బయలుదేరాడు. అదే ఏడాది ఒరెగన్ తాత్కాలిక ప్రభుత్వం నల్లజాతివారు అక్కడ ఉండరాదని, వెళ్లకపోతే కొరడా దెబ్బలు తప్పవని చట్టం చేసింది. దాంతో ఆ బృందమంతా బుష్‌ను విడిచిపెట్టకుండా, ఆ చట్టం పట్టు అంతగా లేని కొలంబియా నది ఉత్తరపు ఒడ్డుకు దాటి వెళ్లి, 1845లో ఇప్పటి టమ్‌వాటర్ దగ్గర పొలాలు చేసుకుంది. 1852లో కొత్తగా వచ్చినవారి తాకిడికి ధాన్యం కరువైనప్పుడు, పంటనంతా అధిక ధరకు అమ్ముకునే వీలున్నా, బుష్ డబ్బున్నవారికీ లేనివారికీ తిండికీ విత్తనానికీ సరిపడా ఇచ్చి, వీలైనప్పుడు తిరిగివ్వమన్నాడని ఆనాటివారు రాశారు.

అసలు సంగతి ఇక్కడుంది. 1850 నాటి భూదాన చట్టం దంపతులకు 640 ఎకరాల వరకు ఇచ్చింది కానీ, అది శ్వేతజాతివారికీ, వారికి ఆదివాసులతో కలిగిన మిశ్రమ సంతానానికీ మాత్రమే. సాగు బుష్‌ది, పట్టా పొందే అర్హత మాత్రం లేదు. ఈ పరిస్థితి ఎలాంటిదో మన పల్లెల పాఠకులకు విడమరచి చెప్పనక్కర్లేదు. ఇరుగుపొరుగు రైతుల చొరవతో 1854లో వాషింగ్టన్ టెరిటరీ (అప్పటికింకా రాష్ట్రం కాని వాషింగ్టన్ ప్రాంతం) శాసనసభ అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌కు విజ్ఞప్తి చేయగా, 1855లో ఆయన ఒక్కడి కోసం ప్రత్యేక చట్టం వచ్చింది. అసలు చట్టంలోని జాతి నిబంధన అలాగే ఉంది, బుష్‌కు ఓటూ రాలేదు. ఊరికి ధాన్యం పంచే స్తోమత లేని నల్లజాతి రైతు కోసం ఇంతమంది ముందుకు వచ్చి ఉండేవారా అన్నది నా సందేహం.

ఆ భూములు అంతకు ముందు ఎవరివో కూడా వ్యాసంలో లేదు. అక్కడి నిస్క్వాలీ తదితర ఆదివాసీ తెగలు భూములు వదులుకునేలా ప్రభుత్వంతో మెడిసిన్ క్రీక్ ఒప్పందం కుదిరింది 1854 డిసెంబరులో, అంటే తెల్లవారికి భూమి పంచే చట్టం వచ్చిన నాలుగేళ్లకు. ఆ ఒప్పందం దరిమిలా జరిగిన పోరులో హత్యానేరం మోపి 1858లో ఉరితీసిన నిస్క్వాలీ నాయకుడు లెషై, బుష్ కుటుంబానికి మిత్రుడు.

బుష్ 1863లో మరణించాడు. ఆయన కుమారుడు విలియం ఓవెన్ బుష్ 1889లో వాషింగ్టన్ రాష్ట్ర తొలి శాసనసభకు ఎన్నికయ్యాడు. వ్యాసకర్త రెండో భాగం రాయదలిస్తే, 1850 చట్టంలోని ఆ అర్హత నిబంధనను యథాతథంగా అనువదించి ప్రచురించవలసిందిగా మనవి.

— ఒక పాఠకుడు, వాషింగ్టన్ రాష్ట్రం, అమెరికా