మెచ్చుకోలు మాటల మోతాదునూ నేర్పాలి

సంపాదకులకు,

మీ పత్రిక విద్యా పుటలో స్పోకెన్ ఇంగ్లిష్ శీర్షిక కింద ఇటీవల మెచ్చుకోవడానికి వాడే మాటల పట్టిక ఒకటి ప్రచురించారు. గుడ్, క్వైట్ గుడ్, నాట్ బ్యాడ్, వెల్ డన్, ఎక్సలెంట్, ఓకే అన్నీ అందులో ఒకే వరుసలో ఉన్నాయి. వాటి ఎదుట ‘బాగుంది’, ‘చాలా బాగుంది’ అన్న అర్థాలున్నాయి. శ్రద్ధగా చేసిన పనే. అయితే వీటిలో ప్రతి మాటకూ ఒక మోతాదు ఉంటుంది. ఎవరు, ఎవరితో, ఏ దేశంలో, ఏ స్వరంతో అంటున్నారన్న దాన్ని బట్టి ఆ మోతాదు మారుతుంది. ఆ సంగతి చెప్పకుండా మాటలు మాత్రమే అందిస్తే విద్యార్థికి మేలు కన్నా చేటే ఎక్కువ జరగవచ్చునని, ఉన్నత పాఠశాలల్లో చాలా ఏళ్లు ఆంగ్లం బోధించినవాడిగా నేను గట్టిగా నమ్ముతున్నాను.

‘క్వైట్ గుడ్’నే తీసుకోండి. అమెరికాలో దీన్ని సాధారణంగా ‘చాలా బాగుంది’ అన్న అర్థంలోనే గ్రహిస్తారు. బ్రిటన్‌లో మాత్రం ఎక్కువ సందర్భాల్లో అది ‘ఒక మాదిరిగా ఉంది’ అనడమే. అక్కడ కూడా ‘క్వైట్’ మీద ఊనిక పడితే మెప్పు తగ్గుతుంది, ‘గుడ్’ మీద పడితే పెరుగుతుంది. రాతలో ఈ ఊనిక కనిపించదు కాబట్టి, బ్రిటన్‌లో చదువుకుంటున్న మన విద్యార్థి తన వ్యాసం అంచున ఆచార్యుడు రాసిన ఆ రెండు మాటలను చూసి, ఇక దిద్దుకోవలసిందేమీ లేదని సంతృప్తి పడే ప్రమాదం ఉంది. ‘నాట్ బ్యాడ్’ సంగతి ఇందుకు సరిగ్గా వ్యతిరేకం. పొగడ్తను తగ్గించి చెప్పడాన్ని మర్యాదగా భావించే బ్రిటిష్ వారి నోట ‘నాట్ బ్యాడ్ ఎట్ ఆల్’ అన్న మాట వచ్చిందంటే అది చాలాసార్లు నిండైన ప్రశంసే. వారే ‘ఇంటరెస్టింగ్’ అని ఊరుకున్నారంటే, ఒక్కోసారి అది మెప్పు కాదు, ‘నాకు నచ్చలేదు’ అని నొప్పించకుండా చెప్పడం. అమెరికన్లు చిన్న పనికి కూడా ‘గ్రేట్ జాబ్’, ‘ఆసమ్’ అని ధారాళంగా అంటారు గనుక, అలవాటుగా వినిపించే ఆ మాట ఏనాడైనా వినిపించకపోతే ఎందుకని ఆలోచించుకోవాలి. హైదరాబాదులో కూర్చుని ఒకే రోజున లండన్ వారితోనూ అమెరికా వారితోనూ మాట్లాడవలసిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి ఈ తేడా తెలియడం వ్యాకరణం తెలియడమంత అవసరం.

తెలుగు పిల్లలకు ఇది అందని విషయమేమీ కాదు. ‘కూర బాగుంది’ అన్నదానికీ ‘కూర బాగానే ఉంది’ అన్నదానికీ మధ్య ఉన్న దూరం వడ్డించిన మనిషికి ఆ క్షణమే తెలుస్తుంది. మార్కుల జాబితా చూసిన తండ్రి ముక్తసరిగా ‘పర్వాలేదు’ అంటే ఒక అర్థం, కళ్లు పెద్దవి చేసి ‘పర్వాలేదే!’ అని సాగదీస్తే ఇంకో అర్థం. మాతృభాషలో పిల్లలకు పుట్టుకతో అబ్బిన ఈ ఎరుకను ఆసరా చేసుకుని బోధిస్తే ‘క్వైట్’ ఒక్క పీరియడులో ఒంటబడుతుంది. నా తరగతుల్లో ఈ మార్గమే అనుసరించాను. ఉదాహరణలు పిల్లలే పోటీపడి ఇచ్చేవారు.

మన వాళ్లు అతిగా వాడే ‘ఓకే’ గురించి కూడా చెప్పాలి. ‘ఆల్ కరెక్ట్’ అన్నదాన్ని కావాలనే తప్పు స్పెల్లింగుతో రాసి, దానికి పొడి అక్షరాలుగా 1839 మార్చి 23న బోస్టన్ మార్నింగ్ పోస్ట్ పత్రిక అచ్చువేసిన సరదా ప్రయోగం ఇది. ఈ సంగతిని ఆలెన్ వాకర్ రీడ్ అనే భాషా పండితుడు 1960లలో పాత పత్రికలను గాలించి వెలికితీశారు. 1840 అధ్యక్ష ఎన్నికల్లో మార్టిన్ వాన్ బ్యూరెన్ అనుచరులు, ఆయన సొంత ఊరి పేరుతో ‘ఓల్డ్ కిండర్‌హుక్’ అన్నదానికి ఇవే అక్షరాలు కుదరడంతో, వాటిని నినాదంగా మార్చుకోగా అది దేశమంతా పాకింది. ‘సరిగానే ఉంది’ అనడమే దాని మొదటి అర్థం, నేటికీ అంతకు మించిన మెప్పు అందులో లేదు. విందుకు పిలిచిన ఆంగ్లేయ గృహిణితో భోజనం ‘ఓకే’గా ఉందంటే ఆమె మనసు కష్టపెట్టినట్టే.

సైగల విషయంలో పొరపాటు పడితే నష్టం మాటతో పోదు. కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రంలో 2021లో ధాన్యం కొనే సంస్థ ఒకటి, అవిసె గింజల ఒప్పందాన్ని ఫొటో తీసి ఒక రైతు ఫోనుకు పంపి, ధ్రువీకరించమని కోరింది. ఆయన బొటనవేలు పైకెత్తిన బొమ్మను బదులుగా పంపారు. ఈలోగా ధర బాగా పెరిగింది, గింజలు సంస్థకు చేరలేదు. ఒప్పందం తనకు అందిందని తెలపడానికే ఆ బొమ్మ పంపానని రైతు వాదించినా, అది అంగీకారమేననీ సంతకం కిందకే వస్తుందనీ 2023లో న్యాయస్థానం తేల్చి, 82 వేల కెనడా డాలర్లకు పైగా చెల్లించమని ఆదేశించింది. మరుసటి ఏడాది పై కోర్టు కూడా ఆ తీర్పునే సమర్థించింది. ‘చూశాను’ అన్న అర్థంలో రోజూ వాట్సాప్‌లో అదే బొమ్మ పంపే మనం, వ్యాపార సంభాషణల్లోనైనా దాని బదులు ఒక వాక్యం రాయడం క్షేమం. సముద్రగర్భంలో ఈతకు దిగేవారికి ఆ వేలు ‘పైకి పోదాం’ అన్న సంకేతం. ‘అంతా బాగుంది’ అనడానికి వారు బొటనవేలినీ చూపుడు వేలినీ సున్నాలా కలుపుతారు. అదే సున్నాను బ్రెజిల్‌లో చూపితే బూతు.

వీటన్నిటికన్నా మనకు దగ్గరి విషయం మన తల ఊపు. ఎదుటివారు చెప్పేది బాగుందని తెలపడానికి తలను అటూ ఇటూ వాల్చి ఊపడం మనకు సహజం. నిలువుగా ఊపితేనే అవునని భావించే ఆంగ్లేయులకూ అమెరికన్లకూ అది కాదన్నట్టో, సందేహిస్తున్నట్టో కనిపిస్తుంది. ఆ అలవాటు మానుకోమని నేను అనను. అది మన నడవడిలో భాగం. వీడియో ఇంటర్వ్యూలో మాత్రం తల ఊపుతూనే ‘ఎస్, ఐ అగ్రీ’ అని నోటితో కూడా చెప్పమని పిల్లలకు నేర్పాలి.

కాబట్టి మీ శీర్షికలో ఇకమీదట ఇటువంటి మాట ఇచ్చినప్పుడల్లా, అది ఏ దేశపు వాడుకో, పై అధికారితో అనదగినదో స్నేహితుడితో అనదగినదో ఒక్క వాక్యంలోనైనా తెలపవలసిందిగా కోరుతున్నాను. రెండు రాష్ట్రాల పాఠ్యపుస్తక రూపకర్తలకు కూడా నా విన్నపం ఒకటుంది. ఊనిక కాగితం మీద నేర్పగలిగేది కాదు గనుక, పుస్తకాల్లో ముద్రించే క్యూఆర్ కోడ్‌ల ద్వారా ఒకే వాక్యాన్ని బ్రిటిష్ గొంతులోనూ అమెరికన్ గొంతులోనూ వినిపించి, మాట్లాడిన వ్యక్తికి నిజంగా నచ్చిందో లేదో విద్యార్థినే చెప్పమనే అభ్యాసాలను తొమ్మిది, పది తరగతుల ఆంగ్ల వాచకాల్లో చేర్చాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆంగ్ల ఉపాధ్యాయుడు,
తెనాలి