పేర్లు తీసేస్తే సరిపోతుందా?

సంపాదకుడు గారికి,

గత వారం మీ జిల్లా పేజీలో పరిశోధన సమాచార భద్రత మీద జరిగిన సదస్సు వార్త చదివినప్పటి నుంచి ఒళ్లు మండుతూనే ఉంది. శాలువాలు, మెమెంటోలు, వేదిక నిండా పెద్దలు. హ్యాకర్ల బారి నుంచి డేటాను కాపాడుకోవాలని అందరూ సెలవిచ్చారు. హ్యాకర్ అంత కష్టపడాల్సిన పనేముంది? హన్మకొండలో థీసిస్‌లు బైండింగ్ చేసే జిరాక్స్ సెంటరుకు పది రూపాయలు పట్టుకుని పోతే చాలు.

నేను పోయింది బ్యాంకు స్టేట్‌మెంట్ ప్రింటు కోసం. అక్కడి పిల్లగాడు నా ఫైలు వెతుకుతుంటే తెర మీద 'ఫైనల్ డేటా', 'ఫైనల్ డేటా కొత్తది', 'ఫైనల్ ఫైనల్' అని మూడు ఎక్సెల్ ఫైళ్లు కనిపించాయి. చెయ్యి జారి ఒకటి తెరుచుకుంది. చూస్తే పరకాల దగ్గరి మా ఊరి పేరు! కౌలు రైతుల అప్పుల మీద రెండేళ్ల కింద చేసిన సర్వే అది. వరుసకొక మనిషి. పేరు, ఫోన్ నంబరు, కులం, ఎన్నెకరాల కౌలు, అప్పెంత, ఎవరి దగ్గర. చివరి గడిలో 'చనిపోవాలనిపించిందా?' అన్న ప్రశ్న, కింద అవును, కాదు, అవును.

ఆ పరిశోధక విద్యార్థులను ఇల్లిల్లూ తిప్పింది నేనే. భర్త పోయిన ఒకామె, నా దగ్గర చదువుకున్న పిల్లే, "సార్, గివన్ని ఎవలకన్న చెప్తరా?" అని అడిగింది. "నేనున్న గదా బిడ్డా, చెప్పు" అన్నాను. తోడబుట్టినోళ్లకు కూడా చెప్పని సంగతులు నా మాట మీద చెప్పింది.

ఆ విద్యార్థుల చేత పరిశోధన చేయించిన గైడుగారికి ఫోన్ చేస్తే, "థీసిస్‌లో పేర్లన్నీ తీసేశామండీ" అన్నారు, అక్కడికి నాకేదో మేలు చేసినట్టు. మరి సెంటరులో ఉన్నదేమిటి? పట్టికలు వేయించడానికి ఇచ్చారట. పీహెచ్‌డీ లెక్కలు కూడా జిరాక్స్ సెంటరువాడే వేస్తాడు, దానికి వేరే రేటు! సరే, పేరు తీశారే అనుకుందాం. ఊరి పేరు, వయసు 34, రెండెకరాల పత్తి కౌలు, ఇద్దరాడపిల్లలు, భర్త లేడు అని రాసుంటే మా వాడకట్టులో చిన్నపిల్లగాడు కూడా ఇల్లు చూపిస్తాడు. (ఈ వివరాలు మార్చి రాశాను. ఆపాటి జాగ్రత్త నాకే తెలిసినప్పుడు ఆచార్యులకు తెలియదా?) అమెరికాలో లతాన్యా స్వీనీ అనే పరిశోధకురాలు 1990ల్లోనే, పేర్లు తీసేసిన ఆసుపత్రి రికార్డులను ఓటర్ల జాబితాతో పోల్చి మసాచుసెట్స్ గవర్నరు రికార్డునే బయటికి లాగింది. పుట్టిన తేదీ, ఆడా మగా, పిన్‌కోడ్ దొరికితే ఆ దేశంలో 87 శాతం మందిని గుర్తుపట్టొచ్చని లెక్కగట్టింది. మన పిన్‌కోడ్ కిందికొచ్చే ప్రాంతం పెద్దదే కావచ్చు, మన ఊరు చిన్నది.

పేర్లు, ఫోన్లు ఒక ఫైలులో, జవాబులు కోడ్ నంబర్లతో ఇంకో ఫైలులో పెట్టి, రెండూ ఒకచోట ఉండకుండా తాళం వేసుకోవడానికి కోట్లు ఖర్చవుతాయా? 2023లో వ్యక్తిగత డేటా చట్టం చేసుకున్నాం. దాని నిబంధనలు రావడానికి 2025 నవంబరు దాకా పట్టింది. ఈలోపు 2024 జనవరిలో తెలంగాణ సర్కారు పథకాల కోసం జనం పెట్టుకున్న ప్రజాపాలన దరఖాస్తులు హైదరాబాద్ బాలానగర్ ఫ్లైఓవర్ మీద గాలికి ఎగరనే ఎగిరాయి. సర్కారుకే లేని పట్టింపు విద్యార్థులకు ఎక్కడి నుంచి వస్తుంది?

2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకాలు వేసినప్పుడు, 9,543 అనుమతి పత్రాల్లో 2,763 మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారని తర్వాత తేలింది. అప్పుడు ఆ వార్డెన్లను నోటికొచ్చినట్టు తిట్టాను. నేను చేసింది మాత్రం వేరేనా?

సెంటరు పిల్లగాడు నా ముందే ఫైళ్లు తీసేసి రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాడు. అవి వచ్చిన పెన్‌డ్రైవు ఎవరి దగ్గరుందో అతనికీ తెలియదు, గైడుగారికీ తెలియదు. సంక్రాంతికి ఊరికి పోతున్నాను. బస్సు దిగి మా ఇంటికి పోవాలంటే ఆమె గడప ముందు నుంచే పోవాలి. సదస్సు పెద్దల్లో ఒక్కరైనా నాతో వస్తే బస్సు చార్జీ నేనే పెట్టుకుంటాను. ఆమెకేం చెప్పాలో వాళ్లే చెప్పాలి.

- ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, హన్మకొండ