జూనో దోషానికి ఏ గుడికి వెళ్లాలి?

సంపాదకులకు,

ఈ మధ్య మా తిరుపతిలో ఒకచోట తీయించిన కంప్యూటర్ జాతకంలో నవగ్రహాల కింద సెరెస్, పల్లాస్, జూనో, వెస్టా అని నాలుగు పేర్లు కనబడ్డాయి. మా బంధువుల అమ్మాయికి 'జూనో బాగాలేదు, అందుకే పెళ్లి ఆలస్యం' అని చెప్పి శాంతికి డబ్బు అడిగారు. ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్.

ఇవి కుజుడికీ గురుడికీ మధ్య తిరిగే గ్రహశకలాలు. 1801 జనవరి 1న సిసిలీలో పియాజీ అనే ఖగోళ శాస్త్రవేత్త సెరెస్‌ను కనిపెట్టాడు. మిగతా మూడూ 1807 కల్లా దొరికాయి. సెరెస్ రోమన్ల పంటల దేవత. కూతుర్ని పాతాళ రాజు ఎత్తుకుపోతే ఆ తల్లి దుఃఖానికి పైర్లు ఎండిపోయాయని కథ. అందుకని పాశ్చాత్య జ్యోతిష్కులు ఆమెకు మాతృత్వం అప్పగించారు. జూపిటర్ భార్య జూనోకు దాంపత్యం, పొయ్యిలో నిప్పు కాచే వెస్టాకు నిష్ఠ, పల్లాస్‌కు తెలివి. కథలుగా నాకూ ఇష్టమే. కానీ వెస్టాకు ఆ పేరు పెట్టింది గాస్ అనే గణితవేత్త, జ్యోతిష్కుడు కాదు! జాతకాల్లో వీటి వాడకం పెరిగింది 1970ల నుంచే.

రాహుకేతువులకైతే పక్కనే శ్రీకాళహస్తి ఉంది. జూనోకు శాంతి ఏ శాస్త్రం ప్రకారం చేస్తారో అడిగితే జవాబు లేదు. మీ రాశిఫలాల పేజీలోనే ఈ శకలాల గురించి నాలుగు ముక్కలు వేయండి.

— ఒక పాఠకుడు, తిరుపతి