టర్బో మార్చే ముందు హోసు తడిమి చూడండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పత్రికలో వచ్చే వాహనాల పేజీని నేను వదలకుండా చదువుతాను. కొత్త మోడళ్ల ధరలు, మైలేజీ, రంగులు తప్ప పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల ఊసే ఉండదు. మా కొండమల్లేపల్లి, దేవరకొండ, చింతపల్లి వైపు బత్తాయి మోసేది ఎక్కువగా ఆ పాత బండ్లే.

పోయిన సీజన్‌లో హైదరాబాద్ దగ్గరి బాటసింగారం పండ్ల మార్కెట్‌కు లోడు తీసుకెళ్తుంటే మాల్ ఊరు దాటాక నా పికప్ కూత పెట్టడం మొదలుపెట్టింది. ఖాళీగా ఉంటే వినపడదు. లోడు మీద ఎక్స్‌లేటర్ తొక్కితే సన్నగా ఈల లేచి, స్పీడుతో పాటే పైకి పోతుంది. వెనక నల్ల పొగ, బండి లాగదు. సిటీలో ఒక షెడ్డుకు తీసుకెళ్తే బానెట్ ఎత్తి, ఒక్కసారి రేజ్ చేసి, ‘టర్బో పోయింది, కొత్తది వేయాల్సిందే’ అన్నారు. ఇంజిన్‌లోకి గాలిని గట్టిగా నెట్టే ఫ్యాన్ లాంటిదే ఈ టర్బో. వాళ్లు చెప్పిన ధరకు సీజన్ కిరాయిలన్నీ ఊడ్చుకుపోయేవి. ఇంకొకరికి కూడా చూపిద్దామని బండి వెనక్కి తెచ్చుకున్నాను.

నల్గొండలో ఒక పెద్ద మేస్త్రీ స్పానర్ ముట్టుకోలేదు. ఇంజిన్ చల్లారనిచ్చి, టర్బో నుంచి, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు పోయే రబ్బరు హోసును అడుగు వైపు చేత్తో తడిమాడు. వేళ్లకు నూనె కలిసిన మసి అంటింది. క్లిప్పు పక్కనే వేలెడంత చీలిక. మామూలుగా మూసుకునే ఉంటుంది, వంచితే నోరు తెరుస్తుంది. లోడు పడి టర్బో గాలిని గట్టిగా నెట్టినప్పుడే అది ఈల వేస్తోంది. సిలిండర్లోకి పోవాల్సిన గాలి బయటికి పోతే డీజిల్ సరిగ్గా కాలదు, అందుకే నల్ల పొగ. హోసు, క్లిప్పులు మార్చాక కూత పోయింది, బండి మళ్లీ మునుపటిలా లాగింది.

అన్ని చప్పుళ్లకూ హోసే కారణమని అనడం లేదు. పొద్దున చల్లని ఇంజిన్ స్టార్ట్ చేయగానే టపటపమని, వేడెక్కాక తగ్గితే ఇంజిన్ పొగ బయటికి పోయే మానిఫోల్డ్ అతుకులో ఉండే గ్యాస్కెట్‌ను అనుమానించాలి. అంబులెన్స్ సైరన్‌లా అరుస్తూ, నీలం పొగ వస్తూ, ఇంజిన్ ఆయిల్ తగ్గిపోతుంటే మాత్రం టర్బో బేరింగ్ దగ్గరే తేడా ఉందనుకోవాలి. అదైనా టర్బోను విప్పకుండానే తెలుస్తుంది. చల్లారాక ఎయిర్ ఫిల్టర్ వైపు పైపు తీసి, టర్బో ఫ్యాన్‌ను తిప్పే ఇరుసు, అంటే షాఫ్టు, కొన పట్టుకుని ఆడించాలి. పక్కలకు కొంచెం కదిలితే భయం లేదు, ఆయిల్ పొర మీద తేలుతూ తిరిగేది కాబట్టి ఆ మాత్రం సందు ఉంటుంది. ముందుకూ వెనక్కూ చేతికి తెలిసేలా జరిగినా, ఫ్యాన్ రెక్కలు గోడకు రాసుకున్న గీతలు కనిపించినా ఇక ఆ బండి నడపొద్దు. నిమిషానికి లక్ష చుట్లు దాటే షాఫ్టు అది. సీలు పోయి ఆయిల్ ఇంజిన్‌లోకి చేరితే, తాళం తీసేసినా ఆ ఆయిల్‌నే తాగుతూ ఇంజిన్ ఆగకుండా రేజ్ అవుతుంది.

నిజంగా టర్బో మార్చాల్సి వచ్చినా షెడ్డు వాళ్లు ఇంకో సంగతి చెప్పరు. దానికి ఆయిల్ తెచ్చే సన్న పైపులో నల్లగా గట్టిపడిన మడ్డి పేరుకుంటుంది. దాన్ని శుభ్రం చేయకుండా అదే పైపు బిగిస్తే కొత్త టర్బో కూడా ఆయిల్ అందక పోతుంది.

టర్బో మార్చిన ప్రతి షెడ్డూ పాతదాన్ని ఓనరు చేతికిచ్చి, షాఫ్టు ఆడించి చూపించాకే బిల్లు రాయాలి. ఓనర్లు కూడా అడగడానికి మొహమాటపడొద్దు. మీ వాహనాల పేజీలో నెలకోసారైనా ఇలాంటి పాత బండ్ల రిపేర్ల గురించి, అనుభవమున్న మేస్త్రీలతో మాట్లాడి రాయించమని కోరుతున్నాను.

— ఒక పికప్ ఓనరు, కొండమల్లేపల్లి, నల్గొండ జిల్లా