ఆదివారం మా డాబా మీద 'ఖలేజా'

రాయగడ మిత్రులందరికీ నమస్కారం. ఈ ఆదివారం సాయంత్రం 6.30కి మా డాబా మీద తెర కట్టి 'ఖలేజా' వేస్తున్నాం. పేరు చెప్పగానే, "అది ఆడని సినిమా కదండీ" అని ఇద్దరు ముగ్గురు పెదవి విరిచారు. 2010 అక్టోబరులో విడుదలైనప్పుడు ఆడని మాట నిజమే. అదే సినిమా 2025లో మళ్లీ థియేటర్లకు వస్తే జనం ఎగబడి చూశారు.

నాకు మాత్రం మొదటిసారి చూసినప్పుడే మనసులో నాటుకుపోయింది. నేల కింది ఖనిజం కోసం ఒక ఊరినే తుడిచిపెట్టాలని చూస్తారు. ఆ ఊరివాళ్లు తమను కాపాడే దేవుణ్ణి ఒక టాక్సీ డ్రైవరులో చూసుకుంటారు. నియమగిరి కొండల మీద బాక్సైటు ఖనిజం తవ్వొద్దని 2013లో 12 గ్రామసభలు తేల్చి చెప్పిన గడ్డ మనది. ఆ కథ మనకు అర్థమైనంతగా ఇంకెవరికి అర్థమవుతుంది? తాను దేవుణ్ణి కాదు మొర్రో అని మహేశ్‌బాబు మొత్తుకుంటున్నా, ఆ ఊరివాడిగా నటించిన షఫీ కళ్లలో నమ్మకం చెక్కుచెదరదు. ఆ ముఖాన్ని ఈసారి జాగ్రత్తగా చూడండి. సమీక్షల్లో నక్షత్రాలు లెక్కపెట్టుకుని ఆగిపోయి ఉంటే నేను ఈ సినిమాను పోగొట్టుకునేవాణ్ణి.

అదే ఏడాది వచ్చి దెబ్బతిన్న 'ఆరెంజ్' వచ్చే నెల వేద్దాం. పాటల కోసమైనా పిన్నిగార్లందరూ రావాలి.

పార్వతీపురం నుంచి వచ్చేవాళ్లు రాత్రికి మా ఇంట్లోనే ఉండిపోండి. డాబా మీద చలిగాలి కొడుతోంది, దుప్పట్లు తెచ్చుకోండి. పకోడీలు మావే. ఎంతమంది వస్తున్నారో శనివారం లోపు ఇక్కడే చెప్పండి.