రక్తపిశాచి డిటెక్టివ్ కథ రాసేవాళ్ళకి

అందరికీ నమస్కారం అండి, రక్తపిశాచే డిటెక్టివ్‌గా సరదా మిస్టరీ రాద్దామనుకుంటున్నవాళ్ళు కథని 1755లో మొరేవియా (ఇప్పటి చెక్ రిపబ్లిక్‌లోని ప్రాంతం) వైపు పెట్టండి ప్లీజ్, అంత మంచి సెటప్ ఇంకెక్కడా దొరకదు. అప్పుడక్కడ చనిపోయినవాళ్ళు లేచొస్తున్నారని శవాలు తవ్వి కాల్చేస్తుంటే ఆస్ట్రియా మహారాణి మరియా థెరీసా డాక్టర్లని పంపింది, ఆవిడ ఆస్థాన వైద్యుడు వాన్ స్వీటెన్ ఇదంతా భయం, అజ్ఞానమేనని రిపోర్ట్ రాసేశాడు, దాంతో ఆవిడ ఆ తవ్వకాలు ఆపించేసింది.

క్లూల కోసమైతే, 1732లో సెర్బియాలో రక్తపిశాచులని అనుమానించి తవ్వితీసిన శవాల మీద సైనిక వైద్యుడు ఫ్లూకింగర్ రాసిన రిపోర్ట్ ఇంకా బాగుంటుంది. నోట్లో గడ్డకట్టని రక్తం, పాత గోళ్ళు ఊడి కొత్తవి వచ్చాయి అని రాశాడు. నిజానికి శవం కుళ్ళేటప్పుడు లోపలి గ్యాస్ ఎర్రటి ద్రవాన్ని నోట్లోకి తోస్తుంది, గోళ్ళు ఊడితే కింది చర్మం కొత్తగోరులా కనబడుతుంది. క్లూలన్నీ రెడీగా ఉన్నాయి కదా!

మన హీరోకి పగలు బయటికి రావడం కుదరదు, శవపరీక్షేమో పగలే, ఊళ్ళో రక్తపిశాచి అనగానే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటాడు పాపం, కానీ ఆ చనిపోయినవాళ్ళు నిర్దోషులని నిరూపించాల్సింది అతనే. రాసినవాళ్ళు మొదటి చాప్టర్ ఇక్కడే పెట్టేయండి, నేను తప్పకుండా చదువుతా.